కుడిచేతి పక్కన పావురం

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే మనుషులను కూడా ఓ పట్టాన నమ్మను. పాలాయన ఎదురుగానే వేలు ముంచి పాలు చిక్కగా ఉన్నాయో లేదో చూసుకునే రకం నేను. అందుకే ఇది చదివి పంతులమ్మకు మతి పోయిందనుకోకండి.

అరవైల చివర్లో మేము నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మా ఆయన ఆబిడ్స్‌లో సూట్లు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టర్. తలనొప్పి అని కూడా ఎన్నడూ పడుకోని మనిషి, ఒకరోజు పొద్దున బట్ట కత్తిరిస్తూనే కూలబడిపోయారు. పక్షవాతం, మా వైపు లఖ్వా అంటారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది.

దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఉన్నమాట చెప్పారు. ప్రాణానికి భయం లేదు, కాలు కొంత వస్తుంది. చెయ్యి మాత్రం ఈ కొద్ది రోజుల్లో వేలైనా కదిలితేనే ఆశ, లేకపోతే లేనట్టే. కత్తెర పట్టే చెయ్యి అది. నేను అన్నం కలిపి నోట్లో పెడుతుంటే ఆయన గోడవైపు చూస్తూ మింగేవారు.

అప్పుడు వచ్చింది మా ఆడబిడ్డ రాజమణి, బేగం బజార్ నుంచి, బుట్టలో ఒక తెల్ల పావురంతో. వాళ్లాయనకు మిద్దె మీద పావురాలు పెంచే పిచ్చి ఉంది.

“లఖ్వా కొట్టినోళ్ల పక్కన కబూతర్ ఉండాలె వదినె. దాని రెక్కల గాలి తగిలితే పడ్డ చెయ్యి లేస్తది,” అన్నది.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన ఆ పిట్టను ఆశగా చూస్తున్నారు. బుట్ట అందుకున్నాను.

గూడు మరిగిన పావురం. కిటికీ తెరిస్తే తన ఇంటికి పోవాలి, దూరం కూడా ఎంతో లేదు. అది పోలేదు. వచ్చిన రోజే మంచమెక్కి ఆయన కుడిచేతిని ఆనుకుని కూర్చుంది. రెక్కలు కట్టేశారేమోనని విప్పి చూశాను, బాగానే ఉన్నాయి. పక్కలో రాజమణి గింజలు చల్లిందేమోనని దుప్పటి దులిపాను, ఒక్క గింజ లేదు. ఎడమవైపు కూర్చోబెడితే లేచి మళ్లీ కుడివైపే వచ్చేది.

రాజమణి మీద నాకు అనుమానం తీరలేదు. రేపు పిట్టను మార్చేసి ఏదో మహిమ అంటుందేమోనని, ఎవరూ చూడకుండా దాని రెక్క కింద పేపర్లు దిద్దే ఎర్రసిరా పూశాను.

ఒక సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి ఆయన ఏడుస్తున్నారు. చూపుడువేలు కదులుతోంది! నేను కూడా మంచం మీద కూలబడి ఏడ్చాను. పావురం కనబడలేదు. పిల్లి ఎత్తుకుపోయిందేమోననుకున్నాను. ఆ సంతోషంలో దాన్ని ఎవరు పట్టించుకుంటారు? డాక్టరు వచ్చి చూసి, పక్షవాతం మొదటిసారి వచ్చినప్పుడు చెయ్యి ఇలా తిరిగి రావడం ఉంటుందన్నారు. నేనూ అదే నమ్మాను.

ఆ తర్వాత మిఠాయి పట్టుకుని బేగం బజార్ వెళ్లాను. మిద్దె మీద ఒక మూల తెల్ల పావురం, కుడి రెక్క నేలమీద ఈడ్చుకుంటూ తిరుగుతోంది. ఎత్తుకుని రెక్క కింద చూశాను. నా ఎర్రసిరా.

“ఎగిరి రాలే చెల్లె. గోడపొంటి నడుసుకుంట వచ్చింది. దెబ్బ లేదు, బొక్క ఇరగలే. ఇన్నేండ్ల సంది పెంచుతున్న, గిట్ల ఎన్నడు చూడలే,” అన్నాడు రాజమణి భర్త.

అతనే విరిచాడేమోనని కూడా అనుమానించాను. ఎముక వెంట వేలు పెట్టి తడిమాను. ఎక్కడా విరగలేదు. రెక్క ఊరికే వేలాడుతోంది, అంతే.

వాళ్లను అడిగి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన చెయ్యి నెమ్మదిగా తిరిగొచ్చింది, దుకాణానికి కూడా వెళ్లారు. పావురం రెక్క మాత్రం లేవలేదు. పిల్లి అలికిడి అయితే చాలు, నేను పరుగెత్తేదాన్ని. జాలి అనుకునేవారు ఆయన. జాలి కాదు, భయం. దీనికేమైనా అయితే ఆ చేతికేమవుతుందోనని.

కొన్నేళ్లకు ఒక వానాకాలం పొద్దున అది చచ్చిపోయి ఉంది. ఆయనకు చెప్పలేదు. పెరట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని అన్నం వడ్డించాను. ఆయన పప్పు కలుపుకుంటుంటే ఆ వేళ్ల మీదనుంచి చూపు తిప్పలేకపోయాను.

“ఏంది గట్ల చూస్తున్నవ్? నువ్వు తినవా?” అన్నారు.

ఆయన కుడిచేత్తో ముద్ద చేసి నా నోటికి అందించారు. చెయ్యి వణకలేదు. ఎందుకు తిరిగొచ్చిందో నాకు ఆనాడూ తెలియదు, ఈనాడూ తెలియదు. ఆ ముద్ద తిని, ఆ చెయ్యి మళ్లీ లేస్తుందో లేదో చూడాలని ఇంకో ముద్దకు నోరు తెరిచాను.