చీమలకు పెట్టిన అమ్మ పాలు

మా చిన్నప్పుడు... మా ఇంటి దండెం మీద ఎప్పుడు చూసినా పాత చీర ముక్కలే ఆరుతుండేవి. అన్నీ మా తమ్ముడు కక్కిన పాలు తుడిచినవే.

వాడు పుట్టి ఇరవై రోజులు. తాగిన ప్రతిసారీ నోట్లోంచి, ఒక్కోసారి ముక్కులోంచి కూడా పాలు వచ్చేవి... విరిగిన పాలలాగా తెల్లటి ముక్కలు. అమ్మ భుజం, చాప, నా గౌను... ఇల్లంతా పులిసిన వాసనే. కక్కి ఆకలికి ఏడ్చేవాడు. అమ్మ కంగారుపడి మళ్ళీ కడుపు నిండా తాపి, వెంటనే తొట్టెలో వేసి ఊపేది. మళ్ళీ కక్కేవాడు.

మా ఊరు పాలకుర్తికి దగ్గర. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్నను బాపు అనీ, ఆయన తల్లిని బాపమ్మ అనీ పిలిచేవాళ్ళం. బాపు కంటే ముందు బాపమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి నెల తిరగకుండానే పోయారట. అందుకే తమ్ముడు కక్కినప్పుడల్లా అందరికంటే ముందు ఆమే ఉరికొచ్చేది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది... ఏమీ కాలేదు.

ఒకనాడు అమ్మతో అంది: "నీ పాలల్లనే ఏదో దోషమున్నది. సీమలకు పెట్టి సూద్దాం."

మా దిక్కు అప్పుడు అదొక పరీక్ష. తల్లి పాలు నాలుగు చుక్కలు ఆకులో పిండి చీమల దగ్గర పెట్టేవాళ్ళు. చీమలు తాగి తమ దారిన పోతే పాలు మంచివి... చస్తే విషం. నన్ను పెంచింది కూడా ఆ పాలే కదా! ఆ మాట అనే ధైర్యం అమ్మకు లేకపోయింది. తల దించుకొని మోదుగాకులోకి పిండి ఇచ్చింది.

"జామచెట్టు కింద సీమలున్నయి. ఆడ పెట్టి రా బిడ్డా" అంది బాపమ్మ.

మిట్టమధ్యాహ్నం. వాకిట్లో అడుగు పెడితే కాళ్ళు కాలిపోతున్నాయి. చెప్పుల్లేవు. అంత దూరం ఎవరు పోతారులే అని, లోపలే వడ్లు నిలవచేసే గుమ్మి వెనక గోడ పక్కన పెట్టేశాను. అక్కడ రోజూ చీమలు బారులు తీరేవి.

కాసేపటికి పోయి చూస్తే చీమలన్నీ చచ్చి ఉన్నాయి.

ఆకు తెచ్చి చూపించాను. బాపమ్మ ఆ ఆకు విసిరికొట్టింది. "ఇసం... పసిగుడ్డుకు ఇసం తాపుతున్నం" అంటూ తమ్ముణ్ణి అమ్మ ఒడిలోంచి తీసేసుకుంది.

ఆనాటి నుంచి వాడికి మేకపాలు, నీళ్ళు కలిపి, ఉగ్గుగిన్నెతో పోశారు. వాడు ఇంకా ఎక్కువ కక్కాడు. విరేచనాలు పట్టుకున్నాయి. పక్క అర్రలో అమ్మ... వాడు ఏడిస్తే చాలు, పాలు పొంగి జాకెట్ తడిసిపోయేది. గోడకు తిరిగి పాలు పిండి పారబోసేది. ఆ పాలు నేల మీద ఇంకిపోవడం నేను చూశాను. ఇప్పటికీ ఆ చోటు చూపించగలను.

రెండో రోజు దొర్లిపోయిన ఉగ్గుగిన్నె కోసం గుమ్మి వెనక్కి పోయాను. అక్కడ మళ్ళీ చచ్చిన చీమలు... ఆకు లేదు, పాలు లేవు. గోడ వెంట తెల్లటి పొడి. బాపు ఆ వారమే చల్లిన చీమల మందు! చల్లేటప్పుడు డబ్బా మూత పట్టుకున్నది నేనే, ఆకు పెట్టేటప్పుడు ఆ సంగతే మరిచిపోయాను.

చెప్పాలి... నోరు రాలేదు. చెబితే చంపేస్తారనుకున్నాను. చెప్పకపోతే తమ్ముడు చస్తాడని తెలిసి కూడా నోరు రాలేదు. ఇంకో రెండు రోజులు అట్లాగే గడిపాను. ఇంత వయసొచ్చినా ఆ రెండు రోజులకు నన్ను నేను క్షమించుకోలేను.

నాలుగో రోజు పొద్దున తమ్ముడు ఏడవలేదు. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి. బాపు బండి కట్టాడు. దవాఖానలో నర్సమ్మ వాణ్ణి చూస్తూనే అమ్మ మీద కోప్పడింది. "పాలు కారుతున్నయి గదమ్మా నీకు! ఎందుకు ఇస్తలేవు?"

"సీమలు సచ్చినయి" అంది బాపమ్మ.

అప్పుడు పెట్టాను గావుకేక. "నేను జామచెట్టు కింద పెట్టలే బాపమ్మా! గుమ్మెనక పెట్టిన... ఆడ మందున్నది!"

ఎవరూ నన్ను కొట్టలేదు. నర్సమ్మ డాక్టరును పిలిచి, తమ్ముణ్ణి అమ్మ ఒడిలో పెట్టింది. వాడికి నోరు తెరిచే బలం కూడా లేదు. చుక్క చుక్క పెదాల మీద పిండితే... చాలాసేపటికి చప్పరించాడు. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

రెండు రోజులు అక్కడే ఉంచుకున్నారు. వాడు మళ్ళీ కక్కాడు. బాపమ్మ భయపడిపోయింది.

"కక్కితే కక్కనియ్యవ్వా" అంది నర్సమ్మ. "పసిపిల్లలకు కడుపు మూతి ఇంకా గట్టిపడదు, నెలలు పోతే అదే తగ్గుతది. కొంచెం కొంచెం తాపుండ్రి. తాపినంక భుజాన నిలువుగ ఏసుకొని త్రేన్పు రానియ్యిండ్రి. ఎంటనే ఊపొద్దు. పచ్చగ కక్కినా, ఎగజిమ్మినట్టు కక్కినా, బరువు పెరగకున్నా... అప్పుడు ఉరికి రాండ్రి."

ఇంటికి వచ్చాక తమ్ముడు పాలు తాగిన ప్రతిసారీ బాపమ్మే భుజాన వేసుకొని వాకిట్లో తిరిగేది. ఒకరోజు అట్లా తిరుగుతూ నా దగ్గర ఆగింది.

"నా పాలు గూడ మా అత్త సీమలకు పెట్టింది బిడ్డా... రెండు కాన్పులకు. సచ్చినయన్నది, ఆ ఇద్దరికి నన్ను పాలియ్యనియ్యలే. మీ బాపు పుట్టేటాల్లకు మా అత్త లేదు. పెట్టేటోల్లే లేకుండిరి."

తమ్ముణ్ణి ఇంకో భుజానికి మార్చుకుంది. తర్వాత నన్నే అడిగింది.

"నా పాలు యాడ పెట్టిండ్రో... నీకేమన్న ఎరుకనా?"



మా తమ్ముడు ఇప్పుడు తాతయ్యాడు. మొన్న మనవరాలు వాడి కొత్త చొక్కా మీద కక్కితే ఇంట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు తుడుచుకొని నవ్వుకునేంత చిన్న విషయమైపోయింది అది...

మీ ఇళ్ళలో కూడా ఏ తల్లి పాలైనా చీమలకు పెట్టారా? ఎక్కడ పెట్టారో మీలో ఎవరికైనా తెలిసి ఉంటే... ఆమె ఇంకా బతికి ఉంటే... ఒక్కసారి పోయి చెప్పండి.