కాలవలో పోతున్న వేడి

నాకు మూడో తరగతితో చదువు ఆగిపోయింది. నూజివీడు దగ్గర మా అబ్బాయి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. నిరుడు వేసవిలో ఆవిరి బాయిలర్ ఆయిల్ తెగ తాగేస్తోందని, కొత్తది కొనడానికి మా రసాల తోట అమ్మకానికి పెట్టాడు. సలహా చెప్పడానికి బెజవాడ నుంచి ఒక ఇంజనీరు నల్లకళ్లద్దాలతో దిగాడు. బాయిలర్ వైపు తొంగి కూడా చూడకుండా, ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చుని, "పాతబడిపోయిందండీ, మార్చాల్సిందే" అని తేల్చేశాడు.

నేను ఫ్యాక్టరీ వెనక్కి వెళ్లి చూశాను. గుజ్జును ఉడికించిన ఆవిరి నీళ్లుగా మారి, గొట్టంలోంచి కాలవలోకి పోతోంది. కాయలు కోసే ఆడవాళ్లు ఆ నీళ్లలో చన్నీళ్లు కలుపుకుని చేతులకంటిన మామిడి జీడి కడుక్కుంటున్నారు. ఎంత వేడో చూద్దామని ధార కింద వేళ్లు పెట్టాను. ప్రాణం పోయినంత పనయింది. ఎర్రగా కమిలిన ఆ చేతిని తీసుకెళ్లి ఇంజనీరు ముక్కు ముందు పెట్టాను.

"ఏమయ్యా, కాగిన నీళ్లు పారబోసి, చన్నీళ్లు పోసి మళ్లీ కాస్తే మీ ఇంట్లో గ్యాస్ ఎన్నాళ్లొస్తది?"

"అది వేరు మామ్మగారూ, ఇది టెక్నికల్" అని నవ్వాడు.

"నీ టెక్నికల్ కాలవలో పోతోంది. వెళ్లి చెయ్యి పెట్టి చూడు."

అతను కదల్లేదు. మా అబ్బాయి వెళ్లి చూశాడు. ఆ వేడినీళ్లు తిరిగి బాయిలర్ తొట్టిలోకే వచ్చేలా గొట్టం వేయించాడు. ఆయిల్ వాడకం తగ్గింది, తోట బేరం ఆగింది.

నా వేళ్ల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. ఈ ఏడు ఆ ఇంజనీరు పెద్దమనిషి మా అబ్బాయికి ఫోన్ చేసి, "మీ తోట రసాలు దిగాయా అండీ?" అని అడిగాడట. ఒక్క టెంక కూడా పంపొద్దన్నాను.