మహేశ్వరి గీసిన త్రిభుజం

నలభై రెండేళ్ల వయసులో ఆడవాళ్లు మోకాళ్ల నొప్పికి నూనె వెతుక్కుంటారు. చిక్కడపల్లి మహేశ్వరి జామెట్రీ బాక్సు వెతుక్కుంది. దుకాణంవాడు పాపకా, బాబుకా అని అడిగితే, నాకే అని చెప్పడానికి మొహమాటపడి, ఇంట్లోకి అని ఊరుకుంది. ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే.

ఆమె నారాయణగూడలో ఓ సర్కారు ఆఫీసులో అటెండర్. అదే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న భర్త జబ్బుచేసి పోతే కారుణ్య నియామకంలో ఆమెకు కొలువిచ్చారు. పదో తరగతి లెక్కలు తన్నేసిన మనిషి గనక దొరికింది అటెండర్ పనే. పదకొండేళ్లుగా బెల్లు మోగితే లేచింది, ఫైళ్లు మోసింది, చాయ్ అందించింది. 2012లో ఆశ ఒకటి కనబడింది. రికార్డు అసిస్టెంటు కరుణాకర్ వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు. అటెండర్లలో సీనియర్ మహేశ్వరే, కాబట్టి పది పాసైతే ఆ కుర్చీ ఆమెది. కాకపోతే ఆమె వెనక ఉన్న ఈదయ్యది. అతను ఎప్పుడో పాసై, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇది పోతే మళ్లీ ఖాళీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

ఓపెన్ టెన్త్ కట్టింది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ అన్నీ గట్టెక్కాయి. లెక్కలు మళ్లీ తన్నాయి. కూడికలూ వడ్డీలూ ఆమెను ఏనాడూ బాధపెట్టలేదు, ఆ పాపమంతా రేఖాగణితానిది. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ పరేషాన్ అన్నాడు సూపరింటెండెంటు విశ్వేశ్వరరావు. చెడ్డవాడేం కాదు, జాలిపడ్డాడంతే. ఆ జాలే ఆమెకు ఒళ్లు మండించింది.

ఆమె ఉండే ఇంటి డాబా మీది రేకుల గదిలో వీణ అనే అమ్మాయి అద్దెకుండేది. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటోంది. సంగతి విని, దీనికింత ఫికరెందుకక్కా, నేను చెప్తగా అంది. ఆదివారం నల్లా నీళ్లు పట్టుకున్నాక ఇద్దరూ మెట్ల మీద చాప వేసుకుని కూర్చునేవాళ్లు.

అశోక్‌నగర్ విద్య ఎలాంటిదో మీకు తెలియంది కాదు. గోడ మీద బిట్లు, చాయ్ బండి దగ్గర బిట్లు, నిద్దట్లో కలవరింతలూ బిట్లే. నాలుగు జవాబుల్లో ఒకటి పట్టుకుని గుండ్రం నల్లగా దిద్దితే చదువైపోయినట్టు. వీణ తనకు వచ్చిందే నేర్పింది. లంబకోణ త్రిభుజంలో మూడూ నాలుగూ కనబడ్డాయా, మూడోది అయిదు. రెండు కోణాలిచ్చారా, నూట ఎనభైలోంచి తీసెయ్. అర్ధవృత్తంలో కోణమా, తొంభై. ఎందుకని మహేశ్వరి అడగబోతే, ఎందుకులు మన సిలబస్‌లో లేవని నవ్వేసింది. నెల తిరిగేసరికి మహేశ్వరి ఎంత చురుకైందంటే, వీణ ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పేసేది. ఇంత తేలికైనదానికి ఇన్నేళ్లు భయపడ్డానా అని తనను తానే తిట్టుకుంది.

సప్లిమెంటరీ పరీక్ష రాసి పాట పాడుకుంటూ ఇల్లు చేరింది. ఫలితం వచ్చింది, తప్పింది.

ఆ రోజు అన్నం వండలేదు. మర్నాడు ఓపెన్ టెన్త్ స్టడీ సెంటర్‌కు వెళ్లి లెక్కల సారు కిషన్ రావు ముందు నిలబడింది. అన్ని జవాబులూ కరెక్టే రాశాను సార్ అని వాపోయింది. ఆయన నమ్మలేక పేపరు తీసి ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు.

"త్రిభుజంల మూడు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలని నిరూపించుమన్నరు. ఏం రాసినవమ్మా?"

"అవును, నూట ఎనభయ్యే అని రాసిన సార్."

కిషన్ రావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వాపుకోవడానికి అలా చేశాడని ఆమెకు తెలిసిపోయింది, కానీ మనిషి మంచివాడు, నవ్వలేదు. నీకు తెలుసని వాళ్లకెలా తెలుస్తుందమ్మా, మెట్టు మెట్టూ రాయాలి కదా అని నెమ్మదిగా చెప్పాడు.

ఈ మాట విని వీణ ఏడ్చేసింది. నిరూపణలు తనూ టెన్త్‌లో బట్టీపట్టి, పరీక్ష హాలు గడప దాటగానే మరిచిపోయింది. నిన్ను నేనే ముంచినక్కా అంది. మునిగిందేదో మునిగింది, ఇంకా ఏప్రిల్ పరీక్ష ఉంది, ముందు కళ్లు తుడుచుకో అని మహేశ్వరే ఆమెకు చాయ్ పెట్టిచ్చింది. ఆ పిల్ల మీద కోపం రాలేదని కాదు. వచ్చింది, చాయ్ మరిగేలోపు పోయింది.

ఇద్దరూ లైబ్రరీకి వెళ్లి చిన్న తరగతుల పుస్తకాల దగ్గర మొదలుపెట్టారు. బిందువంటే ఏమిటి, రేఖంటే ఏమిటి, కోణమంటే ఏమిటి. బంద్ పిలుపు వచ్చిన రోజుల్లో ఆఫీసూ కోచింగూ రెండూ ఉండవు గనక పొద్దుటి నుంచే కూర్చునేవాళ్లు. రెండు రోడ్లు అడ్డంగా దాటినచోట ఎదురెదురు మూలలు సమానమని వచ్చేసరికి మహేశ్వరికి విసుగొచ్చింది.

"కండ్లకు కనిపిస్తనే ఉందిగద, మళ్ల నిరూపించుడేంది?"

"పేపరు దిద్దేటాయన నీ కండ్లతోని చూడడక్కా."

అది సబబుగానే తోచింది. చివరికి ఆ నూట ఎనభై డిగ్రీల నిరూపణ దగ్గరికి వచ్చారు. దత్తాంశం, అంటే వాళ్లిచ్చింది. సారాంశం, అంటే మనం తేల్చాల్సింది. ఇక్కడి దాకా ఆఫీసు నోట్‌ఫైలులాగే ఉందని సంతోషించింది. నిర్మాణం దగ్గర బండి ఆగింది. త్రిభుజం పైమూల మీదుగా, కింది భుజానికి సమాంతరంగా ఇంకో గీత గీయాలంది వీణ. మహేశ్వరి పెన్సిలు కింద పెట్టేసింది. ప్రశ్నలో లేని గీత మనమెలా గీస్తామంది. పదకొండేళ్లు ఫైళ్లు మోసిందే గాని, ఒక్క కాగితం మీద చుక్క పెట్టి ఎరగదు. అలా పెట్టిన ఓ అటెండర్‌కు మెమో ఇవ్వడం కళ్లారా చూసింది. ఎవరో ఇచ్చిన బొమ్మలో సొంతంగా గీత గీయడమంటే ఆమెకు ఫైలు మీద రాసినంత తప్పనిపించింది.

వీణ ఎంత చెప్పినా వినలేదు. ఆ గీత లేకుండానే తేలుస్తానని పట్టుబట్టింది. వారమంతా వంటింట్లో, బస్టాపులో, ఆఫీసులో బెల్లుకూ బెల్లుకూ మధ్య అదే ధ్యాస. తేలితేగా! ఆదివారం చాప మీద కూర్చుని, సరే కానివ్వు అని స్కేలు తీసుకుంది. గీసింది. గీసి చాలాసేపు చూసింది. కింది రెండు కోణాలూ ఏకాంతర కోణాలై పైకొచ్చి, పైకోణానికి అటొకటి ఇటొకటి కూర్చున్నాయి. మూడూ కలిసి తిన్నని గీత అయ్యాయి. తిన్నని గీత మీద నూట ఎనభై కాక ఇంకేముంటుంది?

మహేశ్వరికి నవ్వొచ్చింది. ఆగకుండా నవ్వింది. చదువులో ఇంత సుఖం ఉంటుందని నలభై రెండేళ్లలో ఎవరూ తనకు చెప్పలేదు. చెప్పనందుకు లోకం మీద కాస్త కోపం కూడా వచ్చింది.

ఏప్రిల్‌లో పరీక్ష. ఆ సిద్ధాంతం రాలేదు, అర్ధవృత్తంలో కోణం లంబకోణమని నిరూపించమన్నారు. ఇది ఇద్దరూ ఒకే ఒక్కసారి చేశారు. మహేశ్వరి బొమ్మ గీసి దానికేసి చూస్తూ కూర్చుంది. కేంద్రం నుంచి త్రిభుజం కొనకు ఓ గీత ఉంటే బాగుండు అనిపించింది. అది ప్రశ్నలో లేదు. ఇన్విజిలేటర్ సరిగ్గా అప్పుడే పక్కన వచ్చి నిలబడ్డాడు. అయినా ఆమె చేయి ఆగలేదు. స్కేలు పెట్టి గీసేసింది. రెండు సమద్విబాహు త్రిభుజాలు వచ్చాయి. ఆ తరవాత కలం దానంతటదే నడిచింది. చివర్లో సిద్ధాంతం పేరు గుర్తురాకపోతే, సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం కాబట్టి అని తన మాటల్లోనే రాసేసింది.

పాసైంది. వీణ మెట్లన్నీ దూకుతూ వచ్చి ఆమెను చుట్టేసుకుంది. తన గ్రూప్స్ నోటిఫికేషన్ ఇంకా జాడ లేదు గాని, ఆ రోజు ఆ బెంగ ఇద్దరికీ గుర్తురాలేదు.

కరుణాకర్ రిటైరైన వారానికి సూపరింటెండెంటు గదిలో బెల్లు మోగింది. మహేశ్వరి అలవాటుగా నీళ్ల గ్లాసు పట్టుకుని వెళ్లి, బల్ల మీద పెట్టి, గోడ పక్కన నిలబడింది. విశ్వేశ్వరరావు చేతిలో ప్రమోషన్ ఆర్డరుంది. ఆయన తలెత్తి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

"కూర్చోండి మహేశ్వరి గారు."

ఆమె వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూసింది, ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు.

అప్పుడు కూర్చుంది.