మిగిలిన ఒక్క చుట్టు

మా పక్కింటి పెద్దాయన పోయారని నేను ఆఫీసులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "అంకుల్ బండి తీశారండీ. వెనక గ్రౌండులో పడిపోయారు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది." మళ్లీ తనే, "షెడ్డు తాళం మీరు వెయ్యలేదా?" అంది. వెయ్యలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నది అందుకే.

నేను Y2K పని మీద అడిలైడ్ వచ్చి మాసన్ లేక్స్‌లో అద్దెకు దిగేసరికి మా వెనక ఇంకా ఇళ్లు లేవు, చదును చేసిన ఎర్రమట్టి నేల. ఆయన ఇంగ్లండు మనిషి. యుద్ధం ముగిశాక కుర్రతనంలోనే స్పీడ్‌వే అనే మోటారుసైకిలు పందేల్లోకి దిగారు. మట్టి ట్రాకు మీద నాలుగు చుట్లు, తిరగడం ఎప్పుడూ ఎడమకే, బండికి బ్రేకులుండవు. అక్కడి ఎండాకాలం అయిపోగానే ఓడెక్కి ఇక్కడి ఎండాకాలానికి వచ్చేవారట. "పన్నెండేళ్లు నాకు చలికాలమే లేదు," అనేవారు. ఆయన ఇంగ్లీషుకు ఇది నా తెలుగు.

నాకు కారు నేర్పింది ఆయనే. "బ్రేకు ఉంది కదా అనుకోకు. లేదనుకుని నడుపు," అనేవారు. ఈ రోజుకీ అలాగే నడుపుతున్నాను.

ఆకుపచ్చ రంగంటే ఆయనకు భయం. రేసర్లకు అది అచ్చిరాదట. మా ఆవిడ పెసరట్లు తీసుకెళ్తే షెడ్డు బయట నిలబడే తిన్నారు. ఆఖరి పందెంలో, మూడో చుట్టు చివర ముందు వెళ్తున్న స్నేహితుడు పడ్డాడు. ఈయన చక్రం అతని మీదుగా పోయింది. పందెం ఆపేశారు. ఈయన మళ్లీ బండెక్కలేదు, ఇక్కడే మెకానిక్కుగా ఉండిపోయారు. బండిని మాత్రం తుడిచి, నూనె పెట్టి ఉంచారు. "ఒక్క చుట్టు మిగిలిపోయింది," అని టీ కప్పులోకి చూస్తూ అనేవారు.

గుండె జబ్బు బయటపడ్డాక, మెల్‌బోర్న్‌లో ఉండే కూతురు షెడ్డు తాళంచెవి మాకిచ్చింది. "డాడ్ అడిగినా ఇవ్వొద్దు," అంది. ఆయన పక్కనే నిలబడి, "బతిమాలితే అసలే ఇవ్వకు," అన్నారు. ఎన్నడూ బతిమాలలేదు. రోజూ సాయంత్రం గోడ మీదుగా, "తాళం భద్రమేనా?" అని మాత్రం అడిగేవారు.

దసరాకు నా కారుకు ఆయుధపూజ చేస్తుంటే చూసి, "నా దానికీ చేస్తారా?" అన్నారు. బొట్టు పెడితే ఏం పోయింది అనుకున్నాను. షెడ్డు తెరిచి, ట్యాంకుకు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద చెరో నిమ్మకాయ ఉంచాం. అవి ముదురాకుపచ్చవని పెట్టాక గానీ గుర్తు రాలేదు. ఆయన ముఖం పాలిపోయింది.

"ఇవెందుకు?"

"దిష్టి పోవడానికి అంకుల్. మీకేమీ కాకుండా," అంది మా ఆవిడ.

"అయితే ఉండనీ," అని బండిని మెల్లగా తోశారు. ముందు చక్రం కింది కాయ చితికింది. రెండోది పక్కకు దొర్లిపోయింది. అంతలో ఆఫీసు నుంచి ఫోను, ఏదో టెస్టు ఫెయిలయిందని. పరిగెత్తాను.

ఆ సాయంత్రం ఆయన తాళం సంగతి అడగలేదు. అడగలేదని నేను గమనించనూ లేదు. మర్నాడే మా ఆవిడ ఫోను.

కూతురు వచ్చింది. ఇద్దరం వెనక నేలలోకి వెళ్లాం. ఎర్రమట్టిలో ఎడమకు తిరిగిన చక్రం జాడ, సరిగ్గా ఒక్క చుట్టు. మొదలైన చోటికే వచ్చి ఆగింది. ఆమె తాళం గురించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. డాడ్ జాకెట్ జేబులో దొరికిందంటూ నా అరచేతిలో ఒక నిమ్మకాయ పెట్టి, "ఇది మీదేనా?" అంది.

ఇంకా ఆకుపచ్చగానే ఉంది.