పసుపు గీత పెట్టిన బోల్టు

మధ్యాహ్నం రెండూ పదికి మా ట్రక్కు ఏటిగట్టు పక్కనున్న హైస్కూలు ఆవరణలో ఆగింది. వాన. గోదావరి అప్పటికే లంకల్ని ముంచేసింది. గట్టెక్కి చూస్తే అరటితోటల్లో ఆకుల కొసలు మాత్రమే కనిపించాయి. నేను పుట్టిన ఊరు అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు, రావులపాలెం అవతల. పద్నాలుగేళ్ల మిలట్రీ సర్వీసులో సొంత గోదారి ఒడ్డున డ్యూటీ అదే మొదటిసారి. గర్వంగా దిగాను. ఆ గర్వం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొత్తం ఇరవై ఆరుగురం. నాలుగు బోట్లు, ఒక ట్రక్కు, రెండు పాత మోటార్ సైకిళ్లు. నేను మెకానిక్‌ని. పాత బండి ఇంజనుకు బోల్టులు విరిగేదాకా ఆగకూడదు, అరుగుదల కనిపించగానే మార్చెయ్యాలి. మార్చి బిగించాక బోల్టు తల మీద నుంచి ఇంజను మీదకు పసుపు రంగుతో సన్నటి గీత పెడతాం. బోల్టు వదులైతే గీత తెగినట్టు కనిపిస్తుంది. ఆ గీత మెకానిక్ ఇచ్చే మాట. చూశాను, బిగించాను, నమ్మి ఎక్కు అని.

రెండో రోజు ఉదయం ఏడింటికి ఒక మోటార్ సైకిలుకు ఆయిల్ మార్చాను. ఇంజను అడుగున, పాత ఆయిల్ వదలడానికి ఒక బోల్టు ఉంటుంది. విప్పి చూస్తే మర సగానికి పైగా అరిగిపోయింది. కొత్త బోల్టుల సెట్టు ట్రక్కులోనే, సీలు వేసిన పెట్టెలో ఉంది. స్టోర్ హవల్దారు పెద్దాపురం మనిషి. వెళ్లి అడిగాను.

"తొమ్మిదింటికి పెద్ద సాబు తనిఖీకి వస్తున్నారు. పెట్టె సీలు తియ్యకూడదు. సాయంత్రం ఇస్తాలే."

"మర పోయిందండీ."

"బండి నడుస్తోందా, లేదా?"

"నడుస్తోందండి."

"మరేంటి నీ గోల?"

పెట్టె వరదకు తెచ్చామా, చూపించడానికి తెచ్చామా? ఆ మాట అప్పుడు అడగలేదు. ఇప్పుడు అరుస్తున్నాను, ఎవరికి కావాలి? పాత బోల్టుకే దారం చుట్టాను. పైన టేపు వేశాను. గట్టిగా తిప్పితే ఉన్న మర కూడా పోతుందని మెల్లగా బిగించాను. తనిఖీలో మాట రాకూడదని పసుపు గీత పెట్టాను. హవల్దారు పెట్టలేదు. నేనే పెట్టాను. పెద్ద సాబు వంగి గీత చూసి శభాష్ అన్నాడు. నేను సెల్యూట్ కొట్టాను.

పదీ పదికి బోటులో ఒక రైతును తెచ్చారు. నీట మునిగిన తోటలో దక్కినన్ని గెలలు కోసుకుందామని వెళితే, ప్రాణభయంతో చెట్టెక్కిన తాచుపాము చేతి మీద కాటేసింది. వెంట అతని తమ్ముడు ఉన్నాడు. మా డాక్టరు దగ్గర విషానికి విరుగుడు మందు అయిపోయింది. పట్నంలోని ఆసుపత్రిలో ఉంది. రోడ్లన్నీ నీళ్లు. గట్టు మీద పదహారు కిలోమీటర్లు, మోటార్ సైకిలు ఒక్కటే వెళ్లగలదు. రెండో బండి అవతలి గట్టున ఉంది.

మోటార్ సైకిలు మీద కబుర్లు చేరవేసే డిస్పాచ్ రైడరు రాజస్థాన్ కుర్రవాడు. ఎక్కేముందు వంగి పసుపు గీత చూసుకున్నాడు. నా వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పెట్టె పగలగొట్టి బోల్టు మార్చడానికి పది నిమిషాలు చాలు. సాయంత్రం ఎలాగూ మారుస్తానుగా అనుకుని ఊరుకున్నాను.

పదకొండూ ఇరవైకి మందు తీసుకుని తిరుగు ప్రయాణమయ్యాడు. పదకొండూ యాభైకి రేడియో పలికింది. హిందీలో అన్నాడు, తెలుగులో రాస్తున్నాను.

"బండి పడింది. వెనక చక్రం నిండా ఆయిల్. ఇంజను పట్టేసింది."

"మందు?"

"భద్రంగా ఉంది. మోకాలు దెబ్బతింది. నడుస్తున్నాను. ఇంకా ఆరు కిలోమీటర్లు."

ఎవరిదో సైకిలు తీసుకుని తొక్కాను. రేగడి మట్టి చక్రాలకు పట్టి సైకిలు కదల్లేదు. పారేసి పరిగెత్తాను. నాలుగో కిలోమీటరు దగ్గర ఎదురొచ్చాడు, కుంటుతూ, మందు డబ్బా గుండెకు హత్తుకుని. డబ్బా లాక్కుని వెనక్కి పరిగెత్తాను. ఒంటిగంటా పదికి స్కూలు చేరాను. రైతు పోయి పావుగంటైంది.

"ముందొస్తే బతికేవాడా?" అని డాక్టర్ని అడిగాను.

"చెప్పలేం" అన్నాడు. ఆ మాట వెనక నన్ను దాక్కోమన్నట్టుంది. నేను దాక్కోను. బండి పడకపోతే పన్నెండూ పదికల్లా మందు చేరేది.

విచారణ కాగితంలో 'రోడ్డు పరిస్థితి వల్ల ఆలస్యం' అని రాశారు. బోల్టు సంగతి నేను రాసిచ్చాను. తుది కాగితంలో అది లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, మావాళ్లు ఆకులు కూడా పట్టుకోలేదు.

ఇప్పుడు రావులపాలెంలో నాది చిన్న మెకానిక్ షాపు. పాత బండి తెస్తే ముందు ఇంజను బోల్టులు చూస్తాను. అరిగినవి మారుస్తానంటే నవ్వుతారు. "నడుస్తోంది కదండీ, వదిలెయ్యండి" అంటారు. ఒళ్లు మండిపోతుంది. అలాంటి బండి తాళం తిరిగిచ్చి పొమ్మంటాను. కోపిష్టి మిలట్రీవాడని పేరొచ్చింది. రానీ.

ఆ వరద డ్యూటీ ముగిసి, తొమ్మిదో రోజు ఉదయం ఆరింటికి మా ట్రక్కు స్టార్టయింది. రైతు తమ్ముడు గట్టు మీద వేగంగా నడిచొచ్చి నా తలుపు దగ్గర ఆగాడు. మాసిన గడ్డం, బోసి కాళ్లు.

"ఇది మీ బండిదేనాండి? గట్టు మీద దొరికిందండి. సర్కారు సొమ్ము కదండీ, పోతే మీకు మాటొస్తుందని తెచ్చానండి."

"థాంక్సండి" అన్నాను.

అరటి జిగురుతో నల్లబడ్డ ఆ అరచెయ్యి ఇప్పటికీ నా ముందు చాచి ఉంది. అందులో బోల్టు. మరకు చుట్టిన దారం ఊడి వేలాడుతోంది. తల మీద నా పసుపు గీత మాత్రం చెక్కుచెదరలేదు.