ఇరవై మూడు సున్నాలు

మొన్న మంగళవారం మా తమ్ముడి మనవరాలు హైదరాబాదు నుంచి ఫోను చేసి, తన పరిశోధనకు సర్కారు ఇచ్చే సొమ్ము వచ్చే ఏడు కూడా రావాలంటే ఇప్పటిదాకా ఏం తేల్చిందో పన్నెండు పేజీల్లో నింపి పంపాలని, ఏమీ తేలని నెలల గురించి ఏం రాయాలో తోచడం లేదని దిగులు పడింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ఆ మాట అనే హక్కు నాకుందనే అనుకుంటాను.

1965లో నాకు ఇరవై రెండేళ్లు. కోస్గి పక్క పల్లెలో, వాననీరు ఎంత లోతుకు ఇంకితే మెట్టనేలలో జొన్న విత్తవచ్చో తేల్చే పనిని విశ్వవిద్యాలయం వారు చేపట్టి, ఒక అవ్వ చేనులో వాన కొలిచే డబ్బా పాతి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులో చేరిన నీటిని కొలిచి రాసే ఉద్యోగం నాకిచ్చారు. మా ప్రొఫెసరు గారి నియమాలు రెండే. డబ్బాలో ఎంత కనిపిస్తే అంత సిరాతో రాయాలి, రాసింది చెరపకూడదు.

ఆ ఏటి ఎండలు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. జూలైలో నా రిజిస్టరు నిండా వరసగా ఇరవై మూడు సున్నాలు పడ్డాయి. ఇరవై నాలుగో నాడు, ఈ పనికి సర్కారు సొమ్ము ఇంకా ఇవ్వాలా ఆపాలా అని తేల్చడానికి ఒక అధికారి వస్తున్నారు. ఆపితే కొలతలు సగంలో నిలిచిపోతాయి, వాటితోపాటు నా ఉద్యోగమూను.

ఆ ఉదయం డబ్బా తెరిస్తే ముప్పై తొమ్మిది మిల్లీమీటర్లు. చుట్టూ నేల మాత్రం నెర్రెలిచ్చి ఉంది. అవ్వ నా వైపు చూడకుండా గట్టు మీద పుల్లలు ఏరుతోంది.

“ఇదేందవ్వా?”

“వానే బిడ్డా. మా చేన్ల మటుకే పడ్డది.”

“మరి నీ కొంగు తడ్వలేదేంది?”

“ఉత్త సున్నాలు జూసి సర్కారోడు పైసలిస్తడా? ఓ చెంబెడు పోసిన. ఇగ రాస్కో, గింత ఫికరెందుకు?”

సున్నా అని రాసినా అబద్ధం కాదు, ఎవరికీ తెలిసేదీ కాదు. కాని డబ్బాలో కనిపించినదే రాయాలన్నది నియమం. ముప్పై తొమ్మిది అని రాసి, పక్కన ‘వాన కాదు, చేను గల అవ్వ చెంబుతో పోసిన నీళ్లు’ అని చేర్చి సంతకం పెట్టాను.

పదకొండు గంటలకు వచ్చిన అధికారి ఆ వరస మీద వేలు ఆపి రెండుసార్లు చదివారు. ఆయన వెంట వచ్చిన మా ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎవరా అవ్వ అని అధికారి అడిగేసరికి, “నేనే దొరా. గీ పిల్లనేమనకుండ్రి, దీనికి జెప్పినా ఇనలే,” అంటూ అవ్వే ముందుకొచ్చింది.

ఆయన నవ్వలేదు. పేజీ వెనక్కి తిప్పి, ఇరవై మూడు సున్నాల పక్కన ఉన్న వేళలూ సంతకాలూ ఒక్కొక్కటే చూశారు. తాను తిరిగిన చాలా చోట్ల వాన లేని రోజుల గడులు ఖాళీగా ఉన్నాయని, ఖాళీ గడిని నమ్మలేనుగాని ఈ సున్నాలను నమ్ముతానని అన్నారు. పని మరి మూడేళ్లు సాగింది. చివరికి అచ్చయిన విత్తనపు అదను పట్టికలో నా పేరు లేదు. నా కంటితో చూడని అంకె కూడా అందులో ఒక్కటీ లేదు.

ఆనాటి నుంచి అవ్వ డబ్బా చుట్టూ ముళ్లకంప పాతి ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. నేను కొలవగానే అంకె అడిగి, “ఇయ్యాల గుడ సున్ననే,” అని దారిన పోయేవాళ్లకు తనే చెప్పేది, సర్కారు కొలువు తనదే అన్నంత దర్జాగా. ఇప్పుడు యంత్రాలే గంట గంటకూ కొలిచి నేరుగా ఆఫీసులకు పంపుతున్నాయి. నాకంటే అవే నిక్కచ్చి, ఒప్పుకుంటాను. కాని చేను గలవాళ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఇవాళ ఎంత పడిందో చెప్పి పోయే మనిషే లేకుండా పోయింది.