మావయ్య ఎడం చెయ్యి

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనక్కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను.

మాది చోడవరం. మా మావయ్య, అంటే మా ఆయన నాన్నగారు, పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యేరు. ఏ బోల్టు ఎంత బిగించాలో చేత్తో పట్టుకుని చెప్పేసే మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట మిగిలింది, ఎడం చెయ్యి మిగిలింది. ఆ చేత్తోనే తినేవారు, డాక్టరిచ్చిన రబ్బరు బంతి పిసికేవారు, టీవీ రిమోటు నొక్కేవారు. మంచం మీదున్న మనిషి ఇష్టప్రకారం ఆ ఇంట్లో నడిచేది టీవీ ఒక్కటే.

చెవి కొంచెం మందం. సౌండు బాగా పెట్టేవారు. నేను పక్క గదిలో కూర్చుని మధ్యాహ్నాలు పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేదాన్ని. నా పాఠంలోకి సీరియల్ ఏడుపులు వచ్చేవి, పిల్లలు నవ్వేవారు. ఇంకో కంప్లయింటొస్తే క్లాసులుండవని ట్యూషన్ కంపెనీ మేనేజరమ్మ చెప్పేసింది. మావయ్యకి చెప్తే తగ్గించేవారు, పావుగంటకి మర్చిపోయి మళ్లీ పెంచేవారు. ఆయనకి ఇయర్‌ఫోన్లు కొనిపెట్టొచ్చు కదా? నేను మేడ మీదకి వెళ్లి చెప్పుకోవచ్చు కదా? ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. అప్పుడు నాకు తోచింది వేరు.

నేను డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివేను. పెళ్లయ్యేక దాని జోలికి పోలేదు. పాత డబ్బాలోంచి చిన్న కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు తీసి, రిమోటు సంకేతం పట్టుకునే మూడు కాళ్ల ఇన్‌ఫ్రారెడ్ రిసీవరొకటి తగిలించేను. రిమోటు నొక్కితే కంటికి కనబడని వెలుగు మినుకుమినుకుమంటుంది, ఒక్కో బటన్‌కి ఒక్కో తీరుగా. మావయ్య కునుకు తీస్తున్నప్పుడు రిమోటు తెచ్చి బటన్లన్నీ నొక్కేను. కోడ్‌లు లాప్‌టాప్‌లో వరసగా పడ్డాయి. ఆ రోజు ఎంత సంతోషించేనో! నా చదువు మళ్లీ నాకు దొరికినట్టయింది. తప్పు చేస్తూ అంత సంతోషించేనా అన్నదే ఇప్పటికీ నన్ను వదలదు.

ఆ బోర్డుకే వెలుగు పంపే చిన్న లైటు కూడా పెట్టి, మావయ్య గది షోకేసులో బొమ్మల వెనక దాచి, దాని వైరు నా గదిలోకి లాగేను. ఆయన సౌండు పెంచితే అది తగ్గించే కోడ్ పంపేది. టీవీ వేస్తే ఆపేసే కోడ్ పంపేది. క్లాసు ముందు దానికి కరెంటిచ్చేదాన్ని, అవగానే తీసేసేదాన్ని. అందుకే సాయంత్రం మా ఆయన అనకాపల్లి నుంచి వచ్చి నొక్కితే అంతా బాగానే ఉండేది.

నాలుగైదు రోజులు బటన్ చప్పుడు తలుపవతల నుంచి వినబడింది. టిక్కు. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు. నేను భిన్నాలు చెప్తూనే ఉన్నాను.

ఒకరోజు క్లాసయ్యేక పిలిచేరు. బోర్డుకి కరెంటు తీసే వెళ్లేను.

"అమ్మా, రిమోటు పాడయ్యిందా, నా సెయ్యి పాడయ్యిందా?"

నేను రిమోటు తీసుకుని నొక్కేను. టీవీ వచ్చింది.

"రిమోటు బాగానే ఉంది మావయ్యా."

"అయితే సెయ్యేనమ్మా. ఒకపాలి నొక్కుదావంటే రెండుసార్లు పడిపోతంది, టీవీ ఒచ్చినట్టే ఒచ్చి ఆరిపోతంది. ఏలు నా మాట ఇనట్లేదు."

ఎడం చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. వేళ్లు ముడిచేరు, తెరిచేరు. రిమోటు తిరిగిస్తే తీసుకోలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచేను కూడా. "టీ పెట్టమంటారా?" అన్నాను.

మర్నాడే బోర్డు తీసేసేను. రిమోటు తెచ్చి చేతిలో పెట్టి, నొక్కండి మావయ్యా అని బతిమాలేను. ఆయన చెయ్యి దుప్పటి కిందకి లాగేసుకున్నారు. తర్వాత బంతి మానేసేరు. తర్వాత చెంచా. నేనే తినిపించేదాన్ని. ముద్ద ముద్దకీ నా మొహంలోకి చూసేవారు, కోడలికి పని పెంచేసేనన్న సిగ్గుతో. ఆ చూపు నేనెలా తట్టుకున్నాను? తట్టుకున్నాను మరి.

విశాఖపట్నం తీసుకెళ్లి స్కానింగ్ చేయించేం. కొత్తగా ఏమీ లేదే, మరి చెయ్యెందుకు వాడడం లేదని డాక్టరు అడిగేరు. మా ఆయన నా వైపు చూసేరు. నేను రిపోర్టులు కవర్లో సర్దుకున్నాను. వాడక వాడక వేళ్లు బిగుసుకుపోయేయి. ఏడాది తిరక్కుండా గుండాగి పోయేరు.

ఏటా తద్దినం రోజు మా ఆయన చుట్టాలకి చెప్తారు, నాన్నకి ఆఖర్లో రెండో చెయ్యి కూడా పడిపోయిందని. అయ్యో అంటారు అందరూ. ఆయన్ని చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూసేనని నన్ను మెచ్చుకుంటారు. నేను వడ్డిస్తూ వింటాను.

ఆ చెయ్యి పడిపోలేదు. పనిచేస్తున్న చేతిని పనిచెయ్యడం లేదని నమ్మించింది నేను. క్షమించగలిగిన మనిషి లేరు, మిమ్మల్ని క్షమించమని అడగను. ఇన్నాళ్లూ ఇది నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.